వంద టచ్‌లు వస్తుండాయి, చుట్టు మాత్రం పడడంలా (ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్)

#1 పెన్నాగట్టు, నెల్లూరు

అన్నలూ, పిలకాయలు అయిదుగురు ఉండారు, పన్నెండు నుంచి పదహారేళ్ళ లోపు. మోకాలి ఎత్తున వంద, నూటయాభై టచ్‌లు బంతి కింద పడకుండా కొడతారు. అరౌండ్ ద వరల్డ్, అంటే బంతి గాల్లో ఉండంగానే పాదం దాని చుట్టూ తిప్పి మళ్ళా అందుకునేది, మాత్రం ఒక్కడికీ కుదరడంలా. కాలు తిప్పేలోపల బంతి నేల మీద ఉంటాది, లేదంటే మూడడుగులు ముందుకు పారిపోతాది. రోజుకి గంటన్నర ఇదే పని.

బంతి సైజు 5, కొట్లో కొట్టిచ్చిన గాలి. బూట్లు స్టడ్స్ ఉండేవి. నేల వీఆర్సీ గ్రౌండు మట్టి. సంక్రాంతికి వీధిలో చిన్న బ్యాటిల్, అంటే ఇద్దరిద్దరు ఎదురెదురుగా చేసే పోటీ, పెడదామని కూడా అనుకుంటుండారు, దాని రూల్సు ఎట్టా పెట్టుకోవాలో చెప్పండి. ఇంకోటి, ఇది ఆటా, సర్కస్సా అని ఇళ్ళల్లో పెద్దోళ్ళు అడుగుతుండారు.

#2 ఒంగోలు_గిత్త, ఒంగోలు

అబ్బయ్యా, నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబుంది. స్టడ్స్, గట్టి బంతి, మట్టి నేల. మూడూ మ్యాచ్‌కి పనికొచ్చేవే, దీనికి కావు. వాటి సంగతి మిగతావాళ్ళు చెప్తారు, నేను కాలు సంగతి చెప్తా.

అందరూ కాలు ఇంకా వేగంగా తిప్పు అంటారు. వేగంతో పని లేదు. తప్పు చుట్టులో కాదు, చుట్టుకి ముందు వేసే టచ్‌లో ఉంటుంది. దాన్నే సెట్ టచ్ అంటాం.

లెక్క చూడు. బంతి పాదాన్ని వదిలి మళ్ళీ అదే ఎత్తుకి దిగాలంటే, 20 సెంటీమీటర్లు లేచినప్పుడు 0.4 సెకను పడుతుంది. 30 లేస్తే అర సెకను, 45 లేస్తే 0.6. అంటే రెట్టింపుకి పైగా ఎత్తు లేపినా కలిసొచ్చేది 0.2 సెకనే. పైగా బంతి వ్యాసం దాదాపు 22 సెంటీమీటర్లు, పాదం దాని నెత్తి మీదుగా దాటాలి. బంతి ఎంత పైకి పోతే కాలు అంత పైకి లేవాలి. అందుకే భయంతో ఎత్తుగా కొట్టేవాడికి అసలు రాదు. 30 చాలు, బంతి ఇంకా పైకి పోతుండగానే పాదం దాని మీదుగా దాటిపోవాలి.

తన్నడం ఒక పని, తిప్పడం ఇంకో పని అనుకోకూడదు. పాదం బంతిని ఎత్తుతూనే పక్కకి జారుతుంది. కుడికాలు లోపలికి, అంటే ఎడమ వైపుకి, జారితే బంతిని చివరగా రాసుకునేది చిటికెన వేలి అంచు. బయటికి జారితే బొటనవేలి అంచు. ఆ రాపిడి లేకుండా నిట్టనిలువుగా తన్నితే పాదం బంతి కిందే ఇరుక్కుంటుంది. చుట్టు తుంటి దగ్గర్నుంచి రావాలి. మోకాలు పైకి లేస్తే దాని కింద కాలు గరిటె తిప్పినట్టు తిరుగుతుంది. మోకాలు లేపకుండా పాదం ఒక్కటే తిప్పితే మడమ బంతికి తగులుతుంది.

బంతి ముందుకు పారిపోతోందంటే రెండే కారణాలు: వేళ్ళు నేల వైపు వాలి ఉన్నాయి, లేదా ఒళ్ళు వెనక్కి వంగింది. వేళ్ళు మరీ పైకి లాగితే బంతి నీ వైపు సుడి తిరుగుతూ పొట్ట మీదికి వస్తుంది. పాదం నేలకి సమంగా ఉంటే బంతి దాదాపు తిరగదు. బంతి మీద అచ్చేసిన అక్షరాలు చదవగలిగితే సెట్ టచ్ బాగున్నట్టు. నిలబడిన కాలు మోకాలు కొంచెం మడిచి ఉంచాలి, కర్రలా బిగిస్తే మిగతా ఒళ్ళంతా బిగుస్తుంది.

సాధన ఇలా. బంతి చేత్తో వదిలి, ఒక్క టచ్, చుట్టు, చేత్తో పట్టుకోవడం: ఇరవై సార్లు. తర్వాత టచ్, చుట్టు, బంతి నేల మీద ఒకసారి ఎగిరాక కాలితో లేపడం: ఇరవై. ఆఖరికే చుట్టు తర్వాత గాల్లోనే టచ్. వంద జగ్లింగ్ కొట్టి నూట ఒకటోదానికి చుట్టు వేయకూడదు. అప్పటికి కాలు అలిసిపోతుంది, సెట్ టచ్ పాడవుతుంది. రెండు టచ్‌లు, మూడోది చుట్టు.

గంటన్నర ఎక్కువ. ఇరవై నిమిషాలు ఇది, మిగతా సమయం వేరేది.

#3 సింహపురి_సోల్, నెల్లూరు

బంతి గాలి గురించి. మ్యాచ్ నియమాల ప్రకారం సైజు 5 బంతి చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు, లోపలి గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు. పీఎస్‌ఐలో చెప్పాలంటే 8.5 నుంచి 15.6. కొట్లో కుర్రోడు బిగదీసి కొట్టేది ఆ పై అంచుకి దగ్గర. మ్యాచ్‌లో లాంగ్ పాస్‌కి బాగుంటాది, ఈడ పాదం మీద రాయిలా ఎగిరిపోతాది. ఫ్రీస్టైల్‌కి నేనైతే 6 పీఎస్‌ఐ దగ్గర పెట్టమంటా. గేజ్ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కండి, ఒక సెంటీమీటరు లోపలికి పోవాల.

మన ఎండకి ఇంకో లెక్క ఉండాది. పొద్దున 25 డిగ్రీల్లో 6 పీఎస్‌ఐ పెట్టిన బంతి రోహిణీ కార్తెలో మధ్యాహ్నం మిద్దె మీద వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకి చేరేసరికి 7.4 దాకా పోతాది. బయటి వాతావరణ ఒత్తిడితో కలిపి లెక్క కట్టాల గాబట్టి అంత తేడా. పొద్దున నేర్చుకున్న టచ్ సాయంత్రం కుదరకపోతే కాలుని తిట్టబాకండి, ముందు బంతిని నొక్కి చూడండి.

కుట్టు బంతైతే కుట్ల లోతు చూడండి. లోతుగా ఉంటే బంతి పాదం మీద ఒక్కోసారి ఒక్కో దిక్కుకి పోతాది. ఫ్రీస్టైల్ కోసమే చేసే బంతులు, మోంటా లాంటివి, సైజు 4.5లో వస్తాయి. దొరక్కపోతే జలంధర్ బంతుల్లో పై తోలు మెత్తగా, గరుగ్గా ఉండేది ఎంచుకోండి. నున్నగా నిగనిగలాడేది వద్దు.

ఫుట్సాల్ బంతి కొనమని కొందరు చెప్తారు. అది సైజు 4, బరువు మాత్రం 400–440 గ్రాములు, రెండు మీటర్ల నుంచి వదిలితే 50–65 సెంటీమీటర్లే లేస్తాది. పాదం మీద స్టాల్‌కి, అంటే బంతిని కదలకుండా నిలపడానికి, బాగుంటాది. కానీ చిన్నది కావడంతో మెడ మీద నిలపడం నేర్చుకునేవాళ్ళకి కష్టం.

#4 కావలి_కాన్వాస్, కావలి

సోల్ అన్నా, 6 దగ్గర నేను ఒప్పుకోను. మెత్త బంతి తప్పుని దాస్తాది. వేళ్ళు వంకరగా పెట్టినా బంతి పాదానికి అంటుకున్నట్టు ఉంటాది, పిలకాయలు అదే సరైన టచ్ అనుకుంటారు. రేపు పోటీలో ఎవరిదో బంతి ఇస్తే అంతే సంగతులు. నేర్చుకునేటప్పుడు 7 నుంచి 8, స్టాల్స్ మొదలు పెట్టాక 6కి దించుకోండి.

బూట్లు: స్టడ్స్ తీసెయ్యండి. అడుగు పల్చగా, ముందు భాగం వెడల్పుగా, పైన స్వేడ్ లేదా కాన్వాస్ ఉండే మామూలు బూట్లు చాలు. బాడ్మింటన్ బూట్లలో గమ్ సోల్ ఉండేవి కూడా పనికొస్తాయి, ముందు రబ్బరు కప్పు పెద్దదిగా ఉంటే వద్దు. లేసు ముడి నడిమధ్య కాకుండా బయటి వైపుకి తెచ్చి, కొసలు లోపలికి దోపాల. బంతి ముడి మీద పడితే దిక్కు మారతాది. 1989లో మ్యూనిక్ మ్యాచ్‌కి ముందు మారడోనా లేసులు ఊడదీసుకుని వార్మప్ చేసిన వీడియో చూసి మన పిలకాయలు కూడా ఊడదీస్తుంటారు. ఆయన సంగతి వేరు. క్రాస్‌ఓవర్‌లో ఒక కాలు బంతి మీదుగా దాటి దిగుతుంటే రెండో పాదం బంతిని అందుకోవాల. అక్కడ లేసు తొక్కితే పళ్ళు రాలతాయి.

#5 సింహపురి_సోల్

ఎనిమిది పెట్టి పన్నెండేళ్ళోడి చేత మెడ మీద బంతి నిలపమని చూడు కాన్వాసూ. ఎగిరి అవతల పడతాది.

#6 కావలి_కాన్వాస్

అందుకే గదా "స్టాల్స్ మొదలు పెట్టాక" అన్నా. చదివి రాయన్నా.

#7 గెలాక్సీ_గ్రానైట్, చీమకుర్తి

నేల సంగతి ఎవరూ ఎత్తలేదు. మట్టిలో బంతికి పట్టిన దుమ్ము పాదానికి అంటి జారుతుంది. గుంటల వల్ల నిలబడిన కాలు కుదురుగా ఉండదు. గచ్చు మంచిది, గరుకు సిమెంటైతే బంతి తోలు నాలుగైదు నెలల్లోనే లేస్తుంది, దానికి సిద్ధపడాలి. పాలిష్ పట్టిన గ్రానైట్ మీద మాత్రం వద్దు. మా ఊళ్ళో ఇంటింటికీ అదే నేల, చెమట చుక్క పడితే అద్దం మీద నూనె పోసినట్టే. గ్రానైటే కావాలంటే ఫ్లేమ్డ్ ఫినిష్, అంటే మంటతో కాల్చి గరుకు చేసిన రాయి, దాని మీద పట్టు బాగుంటుంది.

మిద్దె మీద చేసేవాళ్ళు పిట్టగోడ నుంచి కనీసం మూడు మీటర్లు ఇవతల ఉండాలి. బంతి కోసం వెనక్కి నడిచేవాడు గోడ చూడడు.

#8 కొత్తపట్నం_గాలి

బీచ్ గురించి ఎవరైనా అడిగే లోపే చెప్తున్నా. కొత్తపట్నమైనా మైపాడైనా, ఎండ ముదిరాక సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. మోకాలి ఎత్తు బంతికి పెద్ద తేడా రాదు, తలపైన ఆడించే బంతి మాత్రం ప్రతి టచ్‌కీ పక్కకి జరుగుతుంది. పొద్దున తొమ్మిది లోపు ముగించుకోవాలి. పొడి ఇసుకలో లోయర్స్, అంటే కాళ్ళతో గాల్లో చేసేవి, దండగ, కాలు దిగబడితే ఎగరలేవు. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక పిల్లిమొగ్గలు, చేతుల మీద నిలబడే విన్యాసాలు నేర్చుకోవడానికి మాత్రం బంగారం. ఇంటికెళ్ళాక బంతిని మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి, ఉప్పు కుట్లని తింటుంది.

#9 అమ్మణ్ణి_అప్పర్స్, కందుకూరు

అందరూ కాళ్ళ దగ్గరే ఉన్నారు. ఫ్రీస్టైల్‌లో కాళ్ళతో గాల్లో చేసేవి లోయర్స్, తల, మెడ, భుజాలు, ఛాతీతో చేసేవి అప్పర్స్, కూర్చుని చేసేవి సిట్టింగ్, నేల మీద బంతిని దొర్లిస్తూ చేసేవి గ్రౌండ్. చుట్టు రాలేదని ఆగిపోకుండా అన్నీ సమాంతరంగా నడపాలి. ఒక కాలు అలిసినప్పుడు మెడ పని చేయొచ్చు కదా.

మెడ స్టాల్: నడుము దగ్గర వంగాలి, వీపు నేలకి దాదాపు సమంగా ఉండాలి, చూపు ముందుకి, చేతులు రెక్కల్లా వెనక్కి పైకి. అప్పుడు భుజం ఎముకలు రెండూ లేచి, మెడ వెనక ఒక గుంట పడుతుంది. తల పైకెత్తితే ఆ గుంటకి ముందు గోడ, భుజాలు పక్క గోడలు. బంతి జారిపోయేవాళ్ళలో ఎక్కువమంది నేల వైపు చూస్తారు, ముందు గోడ కూలిపోతుంది. మొదట ఇంకొకరు బంతిని మెడ మీద పెట్టాలి, 30 సెకన్లు ఆపాలి. తర్వాత చేత్తో తలపైన ఒక అడుగు ఎగరేసి పట్టాలి. బంతి తగిలే క్షణంలో మోకాళ్ళు దానితో పాటు కిందికి దిగాలి, అమ్మ చేతిలో బిడ్డని అందుకున్నట్టు. ఎదురెళ్ళి అందుకుంటే ఎగిరిపోతుంది.

సిట్టింగ్‌కి ఆడపిల్లలు రావడానికి వెనకాడుతుంటే ట్రాక్ ప్యాంటు వేసుకోమనండి, సమస్య తీరింది. ఫ్రాన్స్‌కి చెందిన మెలొడీ డోంషే ఎన్నోసార్లు ప్రపంచ విజేత, ఆమె వీడియోలు చూపించండి. బ్యాటిల్ పెడితే అమ్మాయిల విభాగం కూడా పెట్టాలి, ముగ్గురే వచ్చినా సరే.

#10 పెన్నాగట్టు

అక్కా, ముగ్గురే వస్తే బ్రాకెట్, అదే ఎవరితో ఎవరనే పోటీల వరుస, ఎట్టా వేసేది?

#11 అమ్మణ్ణి_అప్పర్స్

ఒక్కొక్కరూ మిగతా ఇద్దరితో ఆడాలి, మూడు బ్యాటిళ్ళు. ముగ్గురూ తలా ఒకటి గెలిస్తే మొత్తం జడ్జి ఓట్లు లెక్కపెట్టండి.

#12 ఒంగోలు_గిత్త

బ్యాటిల్ రూల్సు. రెడ్‌బుల్ స్ట్రీట్ స్టైల్ మొదటి ప్రపంచ పోటీ 2008లో బ్రెజిల్‌లోని సావోపాలోలో జరిగింది, ఫ్రాన్స్ ఆటగాడు షాన్ గార్నియే గెలిచాడు. 2012లో ఇటలీలోని లెచ్చేలో జపాన్ కుర్రాడు కొతారో తొకుదా. ఆ పోటీల పద్ధతే వీధికీ సరిపోతుంది: ఇద్దరు ఎదురెదురుగా, ఒకే బంతి, మూడు నిమిషాలు, వంతుకి 30 సెకన్లు, తలా మూడు వంతులు.

ఎనిమిది మందైతే నాలుగు, రెండు, ఒకటి, మూడో స్థానానికి ఇంకొకటి, మొత్తం ఎనిమిది బ్యాటిళ్ళు. విరామంతో కలిపి ఒక్కోదానికి అయిదు నిమిషాలు, నలభై నిమిషాల్లో అయిపోతుంది. అంతకంటే ఎక్కువమంది వస్తే ముందు నలుగురు నలుగురిని వలయంలో నిలబెట్టి ఒక్కొక్కరికి రెండు వంతులిచ్చి వడపోయండి.

జడ్జీలు ముగ్గురు, బేసి సంఖ్యే ఉండాలి. మార్కుల కాగితం వద్దు. ఆఖర్న ఒకేసారి చెయ్యి చాపి గెలిచినవాడిని చూపాలి, పక్కవాడిని చూసి మార్చుకునే వీలుండకూడదు. చూడాల్సినవి: బంతి మీద అదుపు, కష్టం, కొత్తదనం, వైవిధ్యం, పాటతో పొత్తు. బంతిని చేత్తో సరిదిద్దితే ఆ కాంబో, అంటే ఆపకుండా వరుసగా చేసే ట్రిక్కులు, పోయినట్టే. ఎదుటివాడి వంతులో అడ్డం వస్తే ఒక హెచ్చరిక. అవధానంలో అప్రస్తుత ప్రసంగి మాటలతో మాత్రమే చెదరగొట్టినట్టు, ఇక్కడ సైగలు, వెక్కిరింపులు ఎన్నయినా చేసుకోవచ్చు, ముట్టుకోకూడదు.

పాట ఆటగాడు ఎంచుకోడు, స్పీకర్ దగ్గర ఉన్నవాడు వేస్తాడు. నిమిషానికి 96 దెబ్బల తాళమైతే 30 సెకన్లకి 48 దెబ్బలు. లోయర్స్ కాంబో 16, పైకి మెడకి తీసుకెళ్ళడం 8, అప్పర్స్ 12, ఆఖరి ట్రిక్కుకి 12. ఇది సూత్రం కాదు, ఊరికే పట్టుకోడానికి ఒక కొస. కుర్రాళ్ళు చేసే పెద్ద తప్పు, తమకొచ్చిన కష్టమైనది మొదటి వంతులోనే వేసి కింద పడేసుకోవడం. మొదటి వంతులో పదికి తొమ్మిదిసార్లు వచ్చేదే వేయాలి. పదికి అయిదుసార్లు వచ్చేది మూడో వంతులో, అదీ వెనకబడి ఉంటే.

#13 గెలాక్సీ_గ్రానైట్

కష్టానికే ఎక్కువ బరువివ్వాలి. లేకపోతే బాగా నవ్వేవాడు, చొక్కా తిప్పేవాడు గెలుస్తాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య సర్దుబాటు టచ్ లేకుండా వేసేవాడికి, అదే నో టచ్, వంద నవ్వులు కూడా సమానం కావు.

#14 అమ్మణ్ణి_అప్పర్స్

మీరు చెప్పేదానికి వేరే విభాగం ఉంది. చెక్ దేశంలో జరిగే సూపర్ బాల్ అనే ఫ్రీస్టైల్ పోటీలో బ్యాటిల్‌తో పాటు సిక్ త్రీ అని పెడతారు, ఒక్కొక్కరి అత్యంత కష్టమైన మూడు కాంబోలు మాత్రమే చూస్తారు. రొటీన్ విభాగంలో పాటకి కూర్చిన ప్రదర్శన. కష్టం, కళ రెండూ అక్కడ విడివిడిగా దొరుకుతాయి. బ్యాటిల్‌లో మాత్రం రెండూ కలవాలి. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడడం కష్టమే, అక్కడ నిలబడి కాళ్ళతో తాళం తప్పిస్తే ఎవరు మెచ్చుకుంటారు?

పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నకి కూడా అదే జవాబు. తిరునాళ్ళలో కర్రసాము చూస్తారు కదా, దాన్ని సర్కస్ అంటారా?

#15 గెలాక్సీ_గ్రానైట్

పళ్ళెం మీద ఎక్కకుండా తాళం వేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారమ్మా. ఎక్కినవాడికే ఓటు.

#16 కొత్తపట్నం_గాలి

ఇద్దరినీ జడ్జీలుగా పెట్టండి, మూడోవాడు గిత్త. చూసేవాళ్ళకి బ్యాటిల్ కంటే అదే బాగుంటుంది 😄

#17 కట్టు_కర్ర, మార్కాపురం

పన్నెండు నుంచి పదహారేళ్ళవాళ్ళు అన్నారు కాబట్టి ఒక మాట. మోకాలి చిప్పకి రెండు మూడు వేళ్ళ కింద, ముందు ఎముక మీద గడ్డలా లేచి నొక్కితే నొప్పి ఉంటే, అది ఎదిగే పిల్లల్లో వచ్చే ఆస్‌గుడ్ ష్లాటర్ కావచ్చు. గెంతడం, తన్నడం ఎక్కువైనప్పుడు తొడ కండరం ఆ ఎముక కొసని పదేపదే లాగడం వల్ల వస్తుంది. ఎగిరి చేసేవన్నీ తగ్గించి, ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, డాక్టరుకి చూపించండి. ఓర్చుకుని ఆడించొద్దు. అలా తగ్గించిన రోజుల్లో మెడ, కూర్చునేవి చేయించొచ్చు, నొప్పి రానంత వరకే.

పెద్దవాళ్ళలో ఎక్కువగా పట్టేసేది గజ్జల దగ్గర. చుట్టు ప్రతిసారీ తుంటిని పైకి లాగుతుంది, అదీ ఒకే కాలితో. కుడికాలితో ఇరవై చేస్తే ఎడమతో కనీసం పది చేయాలి. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరుగు, కాలు ముందుకీ వెనక్కీ ఊపడం పదిహేను, పక్కలకి పదిహేను. కాలు చాపి అరనిమిషం ఆపి ఉంచే సాగదీతలు ముందు కాదు, అయిపోయాక. వారంలో రెండు రోజులు పూర్తి విశ్రాంతి.

#18 పెన్నాగట్టు

అందరికీ దండాలు. ఎడమకాలితో కూడా చేయాలంటే చుట్టు అటు తిప్పాల్నా, ఇటు తిప్పాల్నా? కుడికి లోపలికి తిప్పేది తేలిగ్గా ఉండాది పిలకాయలకి.

#19 ఒంగోలు_గిత్త

అద్దంలో చూసినట్టు. కుడికి లోపలికైతే ఎడమకీ లోపలికే. ఒక్క దిక్కు రెండు కాళ్ళకీ కుదిరాకే రెండో దిక్కు. తౌజానీ అరౌండ్ ద వరల్డ్, అదే డచ్ ఆటగాడు సూఫియాన్ తౌజానీ పేరు మీద ఉన్నది, దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

#20 సింహపురి_సోల్

గాలి తగ్గించేటప్పుడు పొడి సూదిని బంతిలోకి గుచ్చబాకండి. వాల్వు లోపలి రబ్బరు చిరిగితే గాలి రోజూ కొంచెం కొంచెం పోతాది, బంతి చెత్తదని మార్చేస్తారు. సూదికి రెండు చుక్కలు గ్లిజరిన్ రాసి, నిటారుగా, తిప్పుకుంటా దించండి. నెల్లూరులో ఏ మందుల షాపులోనైనా దొరుకుతాది. కొబ్బరినూనె మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బుతాది.

#21 కావలి_కాన్వాస్

సూది సంగతిలో మాత్రం సోల్ అన్న మాటే నా మాట. గాలి 7.